అక్క వేకువ, నా మునిమాపు

మా ముందుగది తూర్పు గోడ మీద పెన్సిలు గీతలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని పిల్లల ఎత్తు కొలిచిన గుర్తులనుకుంటారు. కానీ ఇవి పైకి పోవు, గోడ వెంబడి అడ్డంగా పాకుతాయి. పడమటి కిటికీలోంచి వచ్చే ఆఖరి ఎండలో కిటికీ నడిమి కమ్మీ నీడ ఎక్కడ పడితే అక్కడ వారానికొక గీత, దాని పక్కన గడియారంలో చూసిన సమయం. ఆదివారం సాయంత్రం మబ్బు పడితే ఆ వారానికి గీత లేదు. నాలుగేళ్లుగా ఇదే పని. దీనివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మా అక్క లెక్కలో గోడకు నష్టం కూడా.

ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలంటే కొంచెం సిగ్గే. పగలు కురచవుతున్న రోజుల్లో నాకు దిగులు పుడుతుంది. మరీ పెద్ద దిగులు కాదు. పని ఆగదు, తిండి మానను, నలుగురిలో నవ్వడం మానను. కానీ సెప్టెంబరు మొదలయ్యిందంటే సాయంత్రం పూట ఎవరో నా జేబులోంచి చిల్లర తీస్తున్నట్టు ఉంటుంది. ఈ రోజు నిమిషంన్నర, రేపు ఇంకో నిమిషంన్నర. ఫలానా రోజున దొంగతనం జరిగిందని చెప్పడానికి ఉండదు. నెలాఖరున జేబు తడుముకుంటే ముప్పావు గంట పోయి ఉంటుంది. ఆ చిల్లర ఎటు పోతోందో కళ్లారా చూద్దామని గోడ మీద పడ్డాను.

గీతలు చూపిన మొదటి సంగతి వాటి మధ్య ఎడం. మార్చిలోనూ సెప్టెంబరులోనూ వారం తిరిగేసరికి నీడ జానెడు దూరం జరుగుతుంది. అందుకే గోడ నడుమ గీతలు ఎవరికి వారే అన్నట్టు దూరదూరంగా ఉంటాయి. గోడ రెండు చివర్లా మాత్రం, అంటే జూన్, డిసెంబరు నెలల్లో, గీత పక్కనే గీత పడి పెన్సిలు మచ్చ కట్టింది. అక్కడ వారానికి వేలి మందం కదిలితే గొప్ప. ఉయ్యాల చూడండి, నడుమ రివ్వున పోతుంది, చివర్లకు చేరాక ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది. అయనాంతం, అంటే సూర్యుడు ఉత్తర దక్షిణ చివర్లకు చేరి వెనక్కి తిరిగే రోజు, అనే మాట చిన్నప్పుడు పరీక్ష కోసం బట్టీపట్టినదే. దాని రూపం ఇలా ఉంటుందని ఆ మచ్చను చూశాకనే తెలిసింది.

నా దిగులుకు లెక్క కూడా అక్కడే దొరికింది. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్నే తీసుకుందాం, మేముండేది ఇంచుమించు ఆ గీత మీదే. సెప్టెంబరు 1న పగలు 13 గంటల పైచిలుకు. అక్టోబరు 31 నాటికి పదిన్నర గంటలు. రెండు నెలల్లో రెండున్నర గంటల వెలుగు కరిగిపోయింది. ఇప్పుడు నవంబరు 21 నుంచి జనవరి 21 వరకు చూడండి. ఏడాదిలోకెల్లా చీకటి రోజులని అందరూ తిట్టుకునే రెండు నెలలు అవి. ఆ అరవై రోజుల్లో పగటి పొడవులో వచ్చే తేడా అరగంట కూడా ఉండదు. తొమ్మిది గంటల ఇరవై నిమిషాల దగ్గర అడుగు తగిలి, మెల్లగా లేస్తుంది.

నా దిగులు అక్టోబరులో ముదిరి డిసెంబరులో తగ్గుతుందంటే స్నేహితులు నమ్మేవారు కాదు. అక్టోబరులో ఇంకా బోలెడంత వెలుగుంది కదా అనేవారు. ఉంది, కాదనను. కానీ మనసు ఉన్నదాన్ని ఎప్పుడు లెక్కపెట్టింది కనుక? అది పోతున్నదాన్నే లెక్కపెడుతుంది. నెలనెలా జీతం కోత పడుతున్నవాడికీ, తక్కువ జీతమే అయినా నిలకడగా వస్తున్నవాడికీ నిద్ర ఒకేలా పట్టదు. డిసెంబరు చీకటి నిలకడైన పేదరికం, దానికి అలవాటు పడొచ్చు. అక్టోబరు అలా కాదు, అలవాటు పడేలోగా ఇంకొంచెం లాక్కుంటుంది.

పగటి పొడవు తగ్గే, పెరిగే ఈ వాలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సింగపూరులో అతి పెద్ద పగలుకూ అతి చిన్న పగలుకూ తేడా పది నిమిషాల లోపే. నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు దిగంతం పైకి రాడు, మే మూడో వారం వచ్చేసరికి అస్తమించడమే మానేస్తాడు. సున్నా నుంచి ఇరవైనాలుగు గంటలకు నాలుగు నెలల ప్రయాణం. సగటున రోజుకు పదకొండు, పన్నెండు నిమిషాలు. నిమిషంన్నరకే జేబు తడుముకునే నాలాంటివాడు అక్కడ ఫిబ్రవరిలో ఏమైపోతాడో! వెలుగు పెరిగేటప్పుడు కూడా ఆ వేగం మనిషిని స్థిమితంగా ఉండనివ్వదనే నా అనుమానం. మార్చి నెలలో నాకు కారణం లేకుండా నిద్ర చెడుతుంది, అర్ధరాత్రి అల్మారాలు సర్దుతాను. ఆ పనికి ఎవరూ దిగులని పేరు పెట్టరు కాబట్టి ఫిర్యాదు చేయను. ఋతువులు ఆరని నేర్చుకున్నాం, నాలుగని కొందరు నేర్చుకున్నారు. నా వరకు ఏడాదికి రెండే: వాలు, నిలకడ. ఒక్కొక్కటి రెండుసార్లు వస్తుంది.

గీతలు చెప్పిన రెండో సంగతి తెలియడానికి ఏడాది పట్టింది. మొదటి డిసెంబరులో నేను రాసిన సమయాలు తప్పనుకున్నాను. గీత ఇంకా ఎడమకే, అంటే ఉత్తరానికే జరుగుతోంది, సూర్యుడు ఇంకా దక్షిణానికి దిగుతున్నాడని అర్థం. కానీ పక్కన రాసిన సూర్యాస్తమయ సమయం అప్పటికే వెనక్కి తిరిగి ఆలస్యం కావడం మొదలుపెట్టింది. పగలు తగ్గుతూనే ఉంది, సాయంత్రం మాత్రం పెరుగుతోంది. గడియారం మీద అనుమానం వచ్చింది, కళ్ల మీద వచ్చింది, చివరికి పెన్సిలు మీద కూడా. లెక్కల పట్టిక తీసి చూస్తే నేను రాసిందే నిజం. 40 డిగ్రీల దగ్గర అతి త్వరగా పొద్దుగూకేది డిసెంబరు 7 ప్రాంతంలో. అతి ఆలస్యంగా తెల్లవారేది జనవరి 4 ప్రాంతంలో. అతి చిన్న పగలైన డిసెంబరు 21 ఈ రెంటికీ నడుమ, దేనికీ చెందకుండా ఉంటుంది.

దీనికి కారణం మధ్యాహ్నం. గడియారంలో పన్నెండు కొట్టడం వేరు, సూర్యుడు నడినెత్తికి రావడం వేరు. భూమి జనవరి మొదటి వారంలో సూర్యుడికి బాగా దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. (చలికి కారణం దూరం కాదని, భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉండటమేనని ఈ ఒక్క అంకెతోనే తేలిపోవాలి. అయినా దూరమే కారణమనుకునేవాళ్లు ఇంటికొకరు ఉంటారు.) దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా పరుగెడుతుంది. ఆ వేగమూ, ఇరుసు ఒరుగూ కలిసి డిసెంబరు చివర్లో ఒక నడిమధ్యాహ్నం నుంచి మరుసటి నడిమధ్యాహ్నానికి ఇరవైనాలుగు గంటల మీద ఇంకో అర నిమిషం పట్టేలా చేస్తాయి. గడియారం ఆ అర నిమిషాన్ని ఒప్పుకోదు. దాంతో తెల్లవారడం, మధ్యాహ్నం, పొద్దుగూకడం మూడూ కలిసి రోజురోజుకూ ఆలస్యం వైపు జరుగుతాయి. అయనాంతం దగ్గర పగటి పొడవు రోజుకు కొన్ని సెకన్లే మారుతుంది కాబట్టి ఈ అర నిమిషానిదే పైచేయి.

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ ఎడం పెరుగుతుంది. 17 డిగ్రీల దగ్గర అతి త్వరగా పొద్దుగూకేది నవంబరు చివరి పది రోజుల్లోనే, అతి ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారంలో. సరిగ్గా భూమధ్యరేఖ మీద పగటి పొడవు ఏడాది పొడుగునా మారదు, అయినా సూర్యాస్తమయం గడియారం మీద అరగంట మేర అటూ ఇటూ ఊగుతుంది. పగలు అక్కడే ఉంది, దాన్ని పెట్టిన పళ్లెం జరిగింది.

ఇదంతా ఎందుకంటే, మా ఇంట్లో ఒక పాత తగాదా దీంతో తీరింది. తీరింది అనకూడదేమో, తగాదాకు హేతువు దొరికింది. మా అక్క వేకువజీవి. చీకటి ఉండగానే లేచి, మొదటి వెలుగు పడే వేళకు నడకకు బయలుదేరుతుంది. సాయంత్రం ఏడుకల్లా ఆమెకు లోకంతో పని అయిపోతుంది. నేను సరిగ్గా అప్పుడు మనిషినవుతాను. పని ముగించి బయటపడ్డాక ఆకాశంలో ఇంకొంచెం రంగు మిగిలి ఉంటే ఆ రోజు నాది, లేకపోతే ఎవరిదో. ప్రతి డిసెంబరు మధ్యలోనూ నేను ఉత్సాహంగా, "వెలుగు తిరిగింది అక్కా" అనేవాడిని. ఆమె కిటికీలోంచి ఒకసారి చూసి, "ఎక్కడ తిరిగిందిరా, నిన్నటికన్నా ఇవాళ ఇంకా చీకటిగా ఉంది" అనేది. నేను నా ఆశను చూస్తున్నాననీ, ఆమె తన విసుగును చూస్తోందనీ ఒకరినొకరం అనుకునేవాళ్లం. తీరా చూస్తే ఇద్దరం సూర్యుణ్ణే చూస్తున్నాం, వేర్వేరు అంచుల నుంచి.

అందుకే నా వాదన ఇది: పగటి పొడవు అనేది ఎవరి అనుభవంలోనూ లేదు. మధ్యాహ్నం పదకొండుకు వెలుగుందని సంతోషించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పగలును మనం అంచుల దగ్గరే తాకుతాం. ఎవరికి ఏ అంచు దక్కుతుందో వారి ఏడాది అక్కడ తిరుగుతుంది. డిసెంబరు 21న "రేపటి నుంచి వెలుగు పెరుగుతుంది" అని ఫోనుకు సందేశాలు వస్తాయి. ఓదార్పు మంచిదే. నాకు మాత్రం అది రెండు వారాలు ఆలస్యంగా అందిన ఉత్తరం. అక్కకు రెండు వారాలు ముందొచ్చిన ఉత్తరం. జూన్‌లో దీనికి తిరగబడి ఉంటుంది: అక్క వేకువలు నెల మధ్యకే వెనకడుగు వేస్తాయి, నా సాయంత్రాలు అయనాంతం దాటాక కూడా ఇంకో వారం పెరుగుతాయి. ఆ వారం రోజులు నేను ఆమెకు కనిపించకుండా తిరగడం మంచిదని అనుభవం మీద తెలుసుకున్నాను.

మన భాష ఈ సంగతి ఎప్పుడో గ్రహించినట్టుంది. పొద్దు అంటే సూర్యుడు, పొద్దు అంటే కాలం కూడా. పొద్దు పొడుస్తుంది, ఎక్కుతుంది, వాలుతుంది, గూకుతుంది, ఇవన్నీ సూర్యుడి పనులు. పొద్దుపోయి వచ్చావేమని కోప్పడతాం, పొద్దు పోవడం లేదని విసుక్కుంటాం, ఏదో ఒక పనితో పొద్దుపుచ్చుతాం. పొద్దస్తమానం ఒకటే గొడవ అంటాం, ఆ మాట విప్పితే పొద్దు అస్తమించేదాకా అని. ఇంకో సుఖం కూడా ఉంది. పగలు వేరు, రోజు వేరు అని మనకు రెండు మాటలున్నాయి. పగలు తగ్గుతుంది, రోజు తగ్గదు. ఒకే మాటతో రెంటినీ నెట్టుకొచ్చే భాషల్లో ఈ వ్యాసం రాయాలంటే వాక్యానికొక వివరణ ఇచ్చుకోవాలి. పొద్దుకూ గంటకూ ముడి తెగింది గడియారం వచ్చాక. ఆ తరువాత గడియారాన్ని జరిపి పొద్దును జరిపామనుకునే దశ వచ్చింది.

ఆ ఆలోచన పుట్టుక నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే అది ఒక సాయంత్రపు మనిషి బుర్రలో పుట్టింది. న్యూజిలాండులో జార్జ్ హడ్సన్ అనే కీటకశాస్త్రజ్ఞుడు పని ముగిశాక పురుగులు పట్టుకోవడానికి వెలుగు చాలడం లేదని, వేసవిలో గడియారాలను రెండు గంటలు ముందుకు జరపాలని 1895లో ప్రతిపాదించాడు. ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్లు కట్టించే ఆయన 1907లో అదే కోరికతో కరపత్రం అచ్చువేయించాడు. ఏప్రిల్‌లో నాలుగు ఆదివారాలు ఇరవయ్యేసి నిమిషాలు జరపాలని ఆయన లెక్క. 1915లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది, 1916 ఏప్రిల్ 30న, యుద్ధంలో ఇంధనం మిగులుతుందని జర్మనీ గడియారాలు జరిపింది. కొన్ని వారాలకే బ్రిటనూ ఆ దారి పట్టింది. పురుగులు పట్టే వల పోయింది, బొగ్గు లెక్క వచ్చింది.

మేముండే చోటా ఏడాదికి రెండుసార్లు గడియారం జరుగుతుంది. శరత్తులో వెనక్కి జరిపే రోజు నాకు ఏడాదిలోకెల్లా చెడ్డరోజు. అసలే వాలులో ఉన్నవాణ్ణి ఒక్క తోపు తోసినట్టు ఒకే రాత్రిలో సాయంత్రం గంట కుంగిపోతుంది. అదే ఉదయం అక్క పాటలు పాడుకుంటూ నడకకు వెళ్తుంది, ఆమె వేకువకు గంట వెలుగు వచ్చింది కదా. నా జేబులోంచి తీసిన నోటు ఆమె కొంగుకు ముడివేశారు. ప్రభుత్వం ఒక్క నిమిషం వెలుగును కూడా తయారుచేయలేదు. చేయగలిగిందల్లా ఒకరి అంచు కోసి ఇంకొకరి అంచుకు కుట్టడం. వెలుగును పొదుపు చేస్తున్నామనే మాట అందుకే నాకు మింగుడుపడదు.

ఏడాదంతా వేసవి గడియారమే ఉంచేయాలనే కోరిక ఇప్పుడు చాలామందికి ఉంది. నా స్వార్థం చూసుకుంటే దానికి రెండు చేతులూ ఎత్తాలి. ఎత్తను. ఈ పని ఇదివరకు చేసి చూసినవాళ్లున్నారు. అమెరికా 1974 జనవరిలో ఏడాదంతా వేసవి గడియారం పెట్టింది. పిల్లలు చిమ్మచీకట్లో బడికి బయలుదేరాల్సి వచ్చేసరికి జనం మనసు విరిగి, ఆ ఏడాది అక్టోబరుకే వెనక్కి తీసుకుంది. రష్యా 2011లో శాశ్వత వేసవి గడియారం పెట్టి, 2014లో దాన్ని వదిలి శాశ్వతంగా శీతాకాలపు గడియారానికి మారింది. యూరోపియన్ పార్లమెంటు ఈ జరపడమే మానేయాలని 2019లో ఓటు వేసింది, ఏ గడియారం దగ్గర ఆగాలో సభ్యదేశాలకు కుదరక అది అలాగే పడి ఉంది. ఆ కుదరకపోవడం నాకు ఎంతో సహజంగా అనిపిస్తుంది. మా ఇంట్లో ఇద్దరికే కుదరలేదు.

నా మాట నేను చెబుతాను. గడియారాన్ని సూర్యుడి మధ్యాహ్నానికి దగ్గరగా ఉంచి వదిలేయండి. జరపదలచుకుంటే పనివేళల్ని జరపండి. శీతాకాలంలో బడులు ఆలస్యంగా తెరవండి, కార్యాలయాలు ఒక గంట ముందు వదలండి, ఆ గంటను వేసవిలో వసూలు చేసుకోండి. ఇది అయ్యే పని కాదని వెంటనే అంటారు, రైళ్లు, విమానాలు, బ్యాంకులు అంటూ జాబితా చదువుతారు. కానీ కోట్ల గడియారాలను ఒకే రాత్రి జరపడం అయ్యే పనైనప్పుడు, ఒక బడి గంట అరగంట ఆలస్యంగా కొట్టడం అసాధ్యమెలా అవుతుంది? అసలు అభ్యంతరం వేరని నాకు తోస్తుంది. గడియారం జరిపితే ఎవరూ తక్కువ పని చేయరు. పనివేళలు జరిపితే శీతాకాలంలో మనుషులు కొంచెం తక్కువ పని చేయాల్సినవాళ్లని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఒప్పుకోకపోయినా శరీరానికి తెలుసు. కంట్లో చూపుకు సంబంధించిన కణాలు కాక, వెలుగు ఎంత ఉందో కొలవడమే ముఖ్యమైన పనిగా ఉన్న కణాలు వేరే ఉన్నాయి. మెలనాప్సిన్ అనే పదార్థంతో అవి వెలుగును పట్టి, మెదడు అడుగున ఉన్న గడియారానికి చేరవేస్తాయి. చీకటి పడ్డాక నిద్రను పిలిచే మెలటోనిన్ అనే హార్మోను ఎప్పుడు విడుదల కావాలో ఆ గడియారం చెబుతుంది. మన చూపు ఈ లెక్కలో మనల్ని మోసం చేస్తుంది. దీపం వేసిన గది కళకళలాడుతున్నట్టే ఉంటుంది, కొలిస్తే మూడు నాలుగు వందల లక్సులు, లక్సంటే వెలుగుకు కొలత. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేలల్లో ఉంటుంది, మంచి ఎండలో లక్ష. పగలంతా గదిలో కూర్చున్నవాడి శరీరానికి ఆ రోజు పూర్తిగా తెల్లవారనే లేదు. అక్కకు చలికాలంలో దిగులెందుకు పట్టదో, నాకెందుకు పడుతుందో చెప్పడానికి ఆమె నడక ఒక్కటే చాలు. ఈ మాట ఆమెకు నేను చెప్పలేదు, చెబితే రేపటి నుంచి నన్నూ లేపుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నాకున్నది దిగులు, జబ్బు కాదు. జబ్బు ఉంది. నార్మన్ రోజెంతాల్ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు 1984లో ఋతువుతో వచ్చిపోయే కుంగుబాటును వర్ణించి పేరు పెట్టారు. ఏటా అదే కాలానికి మనిషి మంచానికి అతుక్కుపోవడం, నిద్రా ఆకలీ పెరిగిపోవడం, ఏ పనీ ముట్టుకోలేకపోవడం. పొద్దున్నే అరగంటసేపు 10,000 లక్సుల దీపం ముందు కూర్చోబెట్టడం దానికి చేసే చికిత్సల్లో ఒకటి. అలాంటివాళ్లకు నా గోడా గీతలూ చూపించి ఋతువుల అందం గురించి చెబితే అది క్రూరత్వం, వాళ్లను వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. నా పేచీ ఇంకో రకం మనుషులతో. నాలాంటి మామూలు దిగులును కూడా లోపంగా చూసి, ఏడాదిలో అన్ని రోజులూ ఒకే మెరుపుతో ఉండాలనేవాళ్లతో.

ఆ మెరుపు ఖరీదు నాకు ఒక చామంతి నేర్పింది. వరండాలో కుండీలో పెంచాను, ఆకు బాగా వేసింది, ఎత్తు పెరిగింది, శరత్తు గడిచిపోయింది, ఒక్క మొగ్గ లేదు. ఎరువులు మార్చాను, మట్టి మార్చాను, దుకాణంవాడిని తిట్టుకున్నాను. తప్పు నా దీపానిది. చామంతి రాత్రి పొడవును కొలిచి, అది చాలినంత పెరిగాకే మొగ్గ వేస్తుంది. మొక్కలు ఇలా పగటిరాత్రుల నిడివిని బట్టి పూస్తాయని గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు పొగాకు మొక్కల మీద పనిచేస్తూ 1920లో ప్రకటించారు. అసలు కొలిచేది చీకటినేనని తరువాత తేలింది. నడిరాత్రి కొద్దిసేపు వెలుగు తగిలినా లెక్క తప్పుతుంది. నేను అర్ధరాత్రి దాటేదాకా వరండాలో దీపం వేసుకుని చదువుకుంటూ దాని రాత్రిని రెండు ముక్కలు చేశాను. పాపం దానికి ఆ ఏడాది శరత్తు రానేలేదు. మరుసటి ఏడు కుండీని ఇంటి వెనక చీకటి మూలకు జరిపాను, పూసింది. ఇప్పుడు ఆ దీపం కింద కూర్చున్నప్పుడల్లా కుండీలో ఉన్నది నేనేనేమో అనిపిస్తుంది.

మొక్కల సంగతి వచ్చింది కాబట్టి అత్తిపత్తినీ చెప్పుకోవాలి. 1729లో ద మెరాన్ అనే ఫ్రెంచి పండితుడు అత్తిపత్తి లాంటి ఒక మొక్కను చీకట్లో ఉంచితే, ఎండ తగలకపోయినా అది తెల్లవారే వేళకు ఆకులు విప్పి, సాయంత్రానికి ముడుచుకుందని గమనించాడు. ఎండను చూడని ఆకుకు ఎండ వేళ తెలుసు. కిటికీల్లేని గదుల్లో పనిచేసేవాళ్లు సాయంత్రం అయిదున్నరకు ఎందుకో తలెత్తి గోడలవైపు చూడటం నేను చూశాను. ఆ గోడలకు తెరలు కూడా ఉండవు.

వెలుగు పంపకంలో నాకు న్యాయంగా తోచిన ఒకే ఒక్క ప్రయత్నం నార్వేలోని ర్యూకాన్ పట్టణంలో జరిగింది. అది ఇరుకు లోయలో ఉంది. కొండల అడ్డం వల్ల సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఎండ నేలకు దిగదు. 1928లో అక్కడి కర్మాగారం వాళ్లు జనం చలికాలంలో పైకి వెళ్లి ఎండ చూసి రావడానికి తాడు మీద నడిచే బండి కట్టించారు. 2013లో కొండ మీద మూడు పెద్ద అద్దాలు బిగించారు. సూర్యుడు కదిలేకొద్దీ అవి తిరుగుతూ ఎండను ఊరి నడిమి కూడలిలోకి పంపుతాయి. ఊరంతా వెలగదు, కూడలిలో కొంత మేర మాత్రమే. గడియారం ముట్టుకోలేదు, ఎవరి వేకువా కొయ్యలేదు. వెలుగు ఉన్నచోటి నుంచి లేనిచోటికి నిజంగానే తెచ్చారు. దాన్ని చూడాలంటే మనిషి లేచి అక్కడిదాకా నడవాలి, అది నాకు మరీ నచ్చింది.

ఇంతకీ దిగులు తగ్గిందా అని అడిగితే, తగ్గలేదు. కానీ దాని రాకపోకలు తెలిశాయి. ఆగస్టు నన్ను ఇప్పుడు మోసం చేయలేదు. భూమీ నీరూ వేడెక్కడానికీ చల్లారడానికీ సమయం పడుతుంది కాబట్టి వేడి వెలుగు కన్నా కొన్ని వారాలు వెనకబడి నడుస్తుంది. ఆగస్టులో చెమటలు కారుతున్నప్పుడు వెలుగు అప్పటికే మూటాముల్లె సర్దుకుంటోంది. జనవరి చివర పళ్లు టకటకలాడుతున్నప్పుడు సాయంత్రం అప్పటికే ముప్పావు గంట తిరిగి సంపాదించుకుంది. అందరూ చలిని చూసి జనవరిని తిడతారు. నేను గోడను చూసి జనవరికి దండం పెడతాను. ఉత్తరార్ధగోళంవాళ్లకు ఇంకో చిన్న లాభం కూడా ఉంది: భూమి మన చలికాలంలో వేగంగా పరుగెత్తడం వల్ల మార్చి విషువత్తు (పగలూ రాత్రీ ఇంచుమించు సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తు దాకా ఉన్న వెలుగు సగం సుమారు 186 రోజులు, చీకటి సగం 179. వారం రోజులు మనకు కలిసొచ్చాయి. దక్షిణాన ఉన్నవాళ్లు ఈ వాక్యం చదవకుండా దాటేయవచ్చు.

ఇంకొక మోసం మాత్రం తెలిసీ ఏటా పడుతున్నాను. నేను గీత గీసే ఆ ఆఖరి క్షణంలో, దిగంతాన్ని ఆనుకుని కనిపించే సూర్యుడు నిజానికి అక్కడ లేడు. గాలి పొరలు వెలుగును వంచడం వల్ల అప్పటికే కిందికి దిగిపోయిన బింబం పైన ఉన్నట్టు కనిపిస్తుంది. వంపు ఎంతంటే బింబం వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ. అంటే ఏ సాయంత్రమైనా చివరి రెండు మూడు నిమిషాలు గాలి మనకు అరువిచ్చినవే. ఆ నిమిషాలను నేను ఏ జేబులో వేసుకోవాలో ఇంకా తేలలేదు.

ముందుగదికి రంగులు వేయించాలని అక్క రెండేళ్లుగా అంటోంది. అయిదో ఏడాది గీతలు పూర్తయ్యేదాకా ఆగమన్నాను. ఒక షరతు మీద ఒప్పుకుంది: జనవరి 4 దాటేదాకా ఇంట్లో వెలుగు తిరిగిందనే మాట ఎత్తకూడదు. నిన్న డిసెంబరు రెండో ఆదివారం, సాయంత్రం కిందటి వారం కన్నా నిమిషం ఆలస్యంగా పొద్దుగూకింది. గీత గీసి, పక్కన సమయం రాసి, నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను. "ఏమిటిరా ఆ మొహం" అంది. ఏమీ లేదన్నాను.